షేరు రేటు ఎవరు నిర్ణయిస్తారు?

ప్రశ్న: నగల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా దగ్గర పొద్దున్నే ఆ రోజు బంగారం రేటు బోర్డు మీద రాస్తాం. మొన్న ఒక చిన్న కంపెనీ షేరు ఫోన్లో 84 రూపాయలని చూసి, 500 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టాను. సగటున 85.41 పడింది. ఆ రేటు ఎవరు రాశారు? కంపెనీనా, బ్రోకరా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఇద్దరూ కాదు తమ్ముడూ. లిస్టయ్యాక, అంటే షేర్లు కొని అమ్మే బజారైన ఎక్స్ఛేంజీలోకి వచ్చాక, షేరు రేటు కంపెనీ చేతిలో ఉండదు. బ్రోకరు మీ ఆర్డర్ ఎక్స్ఛేంజీకి పంపుతాడు, అంతే. మీ బోర్డులాంటిది ఇక్కడ లేదు.

మీరు చూసిన 84, అంతకుముందు ఎవరో ఇద్దరి మధ్య తెగిన బేరం. మీకు అదే రేటుకు ఇస్తామని ఎవరూ మాటివ్వలేదు. మీరు చూడాల్సింది మార్కెట్ డెప్త్. అందులో ఒకవైపు కొనేవాళ్లు, ఇంకోవైపు అమ్మేవాళ్లు, ఐదేసి వరసల్లో కనిపిస్తారు. మీ సగటుకు సరిపోయేలా ఒక లెక్క వేశాను. అమ్మేవైపు 84.20కి 100 షేర్లు, 84.90కి 150, 86.20కి 250 ఉన్నాయనుకోండి. మార్కెట్ ఆర్డర్ అంటే ‘ఎంతైనా సరే, ఇప్పుడే కావాలి’ అనడమే. ఎక్స్ఛేంజీ కంప్యూటర్ అందరికంటే తక్కువకు ఇచ్చేవాడితో మొదలుపెట్టి, మీ 500 నిండేదాకా పై రేట్లకు పోతుంది. మొత్తం 42,705 రూపాయలు, అంటే షేరుకు 85.41. ఆ వెంటనే అందరి ఫోన్లలో 86.20 కనబడుతుంది. ఆ క్షణాన రేటు పెంచింది మీరే!

కొనేవాళ్లు ఎక్కువైతే రేటు పెరుగుతుందని అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. మీరు 500 కొన్నారంటే అవతల 500 అమ్మినవాళ్లూ ఉన్నారు కదా. తొందర ఎవరిదన్నదే అసలు సంగతి. కొనేవాడు ఆగలేక అమ్మేవాడి రేటుకు ఒప్పుకుంటూ పోతే పెరుగుతుంది, అమ్మేవాడికి ఆత్రమైతే పడుతుంది. ఒకే రేటు చెప్పినవాళ్లలో ముందు వచ్చినవాడికే ముందు.

పొద్దున 9:15కి మార్కెట్ తెరవకముందు జరిగే ప్రీ-ఓపెన్ పద్ధతి వేరు. అక్కడ ఆర్డర్లన్నీ పోగుచేసి, ఎక్కువ షేర్లు చేతులు మారే రేటునే ఓపెనింగ్ రేటుగా తీసుకుంటారు.

చిన్న కంపెనీల్లో వరసలు పల్చగా ఉంటాయి కాబట్టి దయచేసి లిమిట్ ఆర్డరే పెట్టండి, అంటే ‘ఇంతకు మించి ఇవ్వను’ అని రేటు చెప్పి పెట్టేది. 84.50 అని పెట్టి ఉంటే, పై లెక్కలో 100 షేర్లు 84.20కే వచ్చేవి. మిగతా 400కు మీరు కొనేవాళ్ల వరసలో 84.50 దగ్గర నిలబడేవారు. సాయంత్రం 3:30 దాకా ఎవరూ దిగిరాకపోతే ఆ ఆర్డర్ రద్దవుతుంది, మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.