మిషిగన్ చలికి నాలుగు టైర్లు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన టైరు ఫోటో చూశాను. "ఆల్ సీజన్ అని ఉంది మామయ్యా, ఇంక మార్చక్కర్లేదుగా" అని కింద రాశావు. డాలస్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజమే. మిషిగన్ వచ్చి ఆరు వారాలే అయింది, మంచు మొహం ఇంకా చూళ్ళేదు కాబట్టి నీకా ధైర్యం. అక్టోబరు సగం అయిపోయింది. తొలి మంచు పడిన మర్నాడు ఊరంతా టైర్ల షాపుల ముందే ఉంటుంది, అపాయింట్‌మెంట్ దొరకదు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే నువ్వు "ఊఁ ఊఁ" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావని తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నా.

నేను 1998లో వైటూకే ప్రాజెక్టు మీద డెట్రాయిట్ వచ్చాను. చేతిలో డబ్బుల్లేక ఒక పాత కారు కొన్నాను. దాని టైర్ల మీదా నీ ఫోటోలో ఉన్న అక్షరాలే ఉన్నాయి. 1999 జనవరి 2న, శనివారం, పెద్ద మంచు తుపాను వచ్చింది. మంగళవారం దాకా గడప దాటలేదు. పెద్ద రోడ్ల మీద మంచు ఎత్తేశారు, ఉప్పు చల్లారు, ఇంకేం భయం అని ఆఫీసుకు బయల్దేరాను. మా అపార్ట్‌మెంట్ల సందులో మాత్రం ఎవరూ ఎత్తలేదు. స్టాప్ సైన్ దగ్గర బ్రేకు తొక్కాను. పదిహేను మైళ్ళ స్పీడు కూడా లేదు. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. పెళ్ళికూతుర్ని పీటల మీదకు తెస్తున్నంత నెమ్మదిగా వెళ్ళి అవతలి వైపు మెయిల్ బాక్సుల వరసను ఆనుకుంది. అంత నెమ్మదిగా జరుగుతున్నా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, అదీ నాకు గుర్తుండిపోయింది. తర్వాత మెకానిక్ ఒక పెన్నీ, అంటే సెంటు నాణెం, తీసి టైరు గాడిలో తలకిందులుగా పెట్టి చూపించాడు. నాణెం మీది లింకన్ తల మొత్తం కనబడింది, అంటే గాడులు అరిగిపోయాయన్నమాట. అక్షరాలు ఎప్పటికీ అరగవురా, అరిగేవి గాడులే.

మనకు ఆల్ సీజన్ అన్న పేరు వినగానే ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ గుర్తొస్తాయి. గుంటూరు చలికాలంలో దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. ఇక్కడి చలి వేరు. పూర్వం ఇక్కడివాళ్ళు నవంబరులో మంచు టైర్లు వేసి, వసంతంలో తీసేసేవాళ్ళు. 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో అనే టైరు తెచ్చి, మార్చే బాధ లేకుండా ఏడాదంతా ఒకటే అని అమ్మింది. జనానికి నచ్చింది. ఇప్పుడు అమెరికాలో మామూలు కారు కొంటే దాదాపు ఎప్పుడూ ఈ రకమే వస్తుంది. అంటే ఇది అన్నిటికీ కాస్త కాస్త సర్దుకునే టైరు. ఎండకూ వానకూ బాగానే సర్దుకుంటుంది. మంచు దగ్గరకు వచ్చేసరికి మొహమాటపడుతుంది.

టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉంది చూడు, బురద, మంచు అని దాని అర్థం. ఆ ముద్రకు మంచు మీద పరీక్ష ఏమీ ఉండదు. గాడుల ఖాళీ, ఆకారం ఒక లెక్కలో ఉంటే చాలు, కంపెనీయే వేసుకోవచ్చు. నువ్వు వెతకాల్సిన గుర్తు వేరే ఉంది: మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు. 1999లో అమెరికా, కెనడా టైర్ల పరిశ్రమ సంఘాలు కలిసి పెట్టుకున్నది. ఆ బొమ్మ వెయ్యాలంటే నొక్కుకుపోయిన మంచు మీద నిజంగా నడిపి చూడాలి. ప్రామాణికంగా పెట్టుకున్న టైరు కంటే కనీసం పది శాతం ఎక్కువ పట్టు రావాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ పరీక్షలో చూసేది బండి ముందుకు లాగే పట్టు, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందన్నది కాదు. గాజులాంటి ఐసు సంగతి అసలు చూడరు. కాబట్టి కొండ బొమ్మ ఉంది కదా అని ముందు కారుకు అతుక్కుపోయి నడపకు.

ఈ గుర్తున్న టైరు ఏడాది పొడవునా వాడుకునేదైతే దాన్ని ఆల్ వెదర్ అంటారు. ఆల్ సీజన్, ఆల్ వెదర్. ఈ రెండు పేర్లూ పెట్టినవాళ్ళను ఏమనాలో నాకు తెలీదు. కవలపిల్లలకు రామన్న, రామయ్య అని పెట్టినట్టుంది. షాపులో నోటిమాట నమ్మకు, వంగి టైరు పక్కన బొమ్మ చూడు.

మంచు పడకపోయినా తేడా ఎందుకొస్తుందో చెప్తా. చిన్నప్పుడు సంక్రాంతి రోజుల్లో మీ అమ్మమ్మ కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టేది గుర్తుందా? గడ్డకట్టేది. పక్కనే ఉన్న నువ్వుల నూనె సీసాకు ఏమీ అయ్యేది కాదు. రబ్బరు కూడా అంతే, ఏం కలిపి చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకు వెళ్ళేకొద్దీ వేసవి టైరు గట్టిపడి, పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. చలికాలానికే చేసిన చలి టైరు రబ్బరు సున్నా కిందా మెత్తగా ఉంటుంది, కానీ జూలై ఎండలో దాన్ని తిప్పితే త్వరగా అరిగిపోతుంది. ఆల్ వెదర్ ఆ రెంటి మధ్యన ఉంటుంది. దాని గాడుల మధ్య దిమ్మల మీద సన్నటి చీలికలు ఎక్కువ ఉంటాయి. రోలు నున్నబడితే గంట్లు పెట్టించేవాళ్ళు చూడు, అలాంటి పనే: మంచును పట్టుకోవడానికి అంచులు కావాలి.

ఇక నీ సంగతి. నువ్వు నోవైలో ఉంటావు, ఆఫీసు ఆన్ ఆర్బర్‌లో, దారంతా హైవే. ఫ్రీవేల మీద మంచు త్వరగానే ఎత్తుతారు. డెట్రాయిట్ కింద సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గనే ఉంది, చల్లడానికి ఉప్పుకు కొదవ లేదు. నీ ఇబ్బంది తెల్లవారుజామున సబ్‌డివిజన్లలో, అంటే ఇళ్ళ కాలనీల్లో రోడ్లూ, హైవే ఎక్కే దిగే ర్యాంపులూను. నీకు ఆల్ వెదర్ సరిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నావు, రెండో సెట్టు దాచుకునే చోటు లేదు, ఏడాదికి రెండుసార్లు మార్పించే ఓపిక నీకు ఎలాగూ లేదు. కానీ స్నేహితులతో వారం వారం పైకి, ఉత్తరానికి స్కీయింగుకు పోతానంటే అప్పుడు వేరే మాట, అసలు చలి టైర్ల సెట్టే కొను. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అక్కడి కార్లకు చలి టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు, ఏటేటా కారును తనిఖీ చేసే పద్ధతీ లేదు. నీ టైర్లు గుండు అయ్యాయని నీకు చెప్పేవాడు ఎవడూ ఉండడు.

ఫోటోలో 205/55 ఆర్16, 91 హెచ్ అని ఉంది. 205 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 55 అంటే వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 16 అంగుళాల రిమ్ము. 91 బరువు సూచిక, ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే 130 మైళ్ళ స్పీడు దాకా తట్టుకుంటుంది. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద కొలత ఇదేనా కాదా చూసుకో, సెకండ్‌హ్యాండ్ కారు కదా, పాత ఓనరు ఏం వేసుకున్నాడో ఏమో. బరువు సూచిక తగ్గించి మాత్రం కొనకు, పది డాలర్లు తక్కువని ఎవరు చెప్పినా సరే.

బ్రాండు అడిగావు. ఆల్ వెదర్‌లో మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్, టోయో సెల్సియస్, నోకియన్ వాళ్ళవి, అన్నీ కొండ బొమ్మ ఉన్నవే. నోకియన్ ఫిన్లాండు కంపెనీ, మొదటి చలి టైరు 1934లో చేసింది వాళ్ళే. మా కారుకు రెండేళ్ళ కిందట క్రాస్‌క్లైమేట్ వేయించాను. మంచులో బాగా పట్టింది. పాత టైర్ల కంటే హైవే మీద కొంచెం హోరు వస్తుంది, అది కూడా మీ అత్తయ్య చెబితేనే గమనించాను. నీ కొలతలో ఏది దొరికితే అది తీసుకో, వీటి మధ్య తేడా కోసం నెలరోజులు రివ్యూలు చదువుతూ కూర్చోకు. వాట్సాప్ గ్రూపులో మాత్రం అడక్కు. టైరు అడిగితే నలభై మంది నలభై చెప్తారు, చివరికి ఎవడో టెస్లా గురించి మొదలుపెడతాడు.

టైరు మీద ట్రెడ్‌వేర్ 500, 600 అని ఒక అంకె ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకు. ఆ అరుగుదల పరీక్ష నువ్వు వదిలొచ్చిన టెక్సాస్‌లోనే, శాన్ ఆంజెలో దగ్గర 400 మైళ్ళ దారిలో చేస్తారు. మొత్తం 7,200 మైళ్ళు తిప్పి, మిగతాది లెక్కగట్టి, అంకె కంపెనీయే వేసుకుంటుంది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికైతే పనికొస్తుంది. వేరే కంపెనీ అంకెతో పోల్చడమంటే ఇద్దరు మాస్టార్లు వేసిన మార్కులు పోల్చినట్టే.

ఒకసారి నేను మోసపోయింది దీనికంటే మామూలు విషయంలో. ఒక షాపులో మంచి బ్రాండు, మంచి ధర, ఎగిరి గంతేసి వేయించుకున్నాను. ఇంటికొచ్చాక పక్కన డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు చూస్తే, తయారై నాలుగేళ్ళు దాటింది. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరు గోడౌన్లో ఉన్నా ముసలిదవుతుంది. బిగించే ముందే, టైరు ఇంకా నేల మీద ఉండగానే ఆ అంకెలు చూపించమని అడుగు, ఏడాదిలోపుదైతే సరే. నీ ఇప్పటి టైర్లదీ చూడు. అవి డాలస్ ఎండల్లో కాగినవి, పక్కగోడల మీద సన్నటి బీటలు కనిపిస్తే గాడులు ఎంత ఉన్నా వదిలెయ్.

నాలుగూ ఒకేసారి మార్చు. డబ్బు సరిపోక రెండే కొనాల్సి వస్తే కొత్తవి వెనక వేయించు. నీది ముందు చక్రాలు లాగే బండి కదా, కొత్తవి ముందే వెయ్యాలనిపిస్తుంది. వెనక పట్టు తప్పితే కారు బొంగరంలా తిరుగుతుంది, దాన్ని నువ్వు ఆపలేవు. ధర అడిగేటప్పుడు టైరు ధర అడక్కు, బిగింపు, బ్యాలెన్సింగ్, పాతవి పారేసే చార్జీ, పన్ను అన్నీ కలిపి చివరికి ఎంతో అడుగు. చక్రాల అలైన్‌మెంట్, అంటే అవి వంకర లేకుండా ఉన్నాయో లేదో కూడా చూపించు. గుంతల దెబ్బకు అది తప్పిపోయి ఉంటే కొత్త టైరు ఒక పక్కే అరిగిపోతుంది.

గాలి విషయం మటుకు ప్రాణం పెట్టి వినాలి. బయట పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది. ఇవాళ 60 డిగ్రీల్లో సరిగ్గా పెట్టిన గాలి, జనవరిలో 10 డిగ్రీలకు అయిదు తగ్గి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద గుర్రపు లాడంలాంటి పసుపు దీపం వెలిగేది మామూలుగా పావు వంతు పోయాకే. అది వెలిగేదాకా ఆగకు. తలుపు దగ్గర స్టిక్కర్ మీది అంకె ప్రకారం, బండి నడపక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. టైరు మీద రాసినది గరిష్ఠం, అది చూసి నింపకూడదు. నెలకోసారి చాలు. నైట్రోజన్ నింపుతాం అంటే ఊరికే అయితే నింపించుకో, డబ్బు ఇవ్వకు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే.

అయిదారు వేల మైళ్ళకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించి రసీదులు దాచుకో. మైలేజీ వారంటీ అడిగిననాడు వాళ్ళు ముందు అడిగేవి ఆ రసీదులే. గాడుల లోతు చూడ్డానికి చట్టప్రకారం పెన్నీ కొలత చాలు, అంటే ఒక అంగుళంలో 32వ వంతులు రెండు. నేనైతే క్వార్టర్, అంటే పాతిక సెంట్ల నాణెం పెడతాను. వాషింగ్టన్ తల పైభాగం కనబడితే అలాంటి వంతులు నాలుగే ఉన్నట్టు, మంచుకు అది చాలదు. ఆ ఏడు నవంబరులో కొత్తవి కొనాల్సిందే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంతలు చూసుకో. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి పగలు కరిగి, తారు పెచ్చులుగా లేచిపోతుంది. నీళ్ళు నిలిచిన గుంత లోతు తెలీదు. పక్కకు తప్పించలేకపోతే దానిలోకి వెళ్ళక ముందే స్పీడు తగ్గించు, లోపల ఉండగా బ్రేకు తొక్కకు.

మీ అమ్మకు ఇవేమీ చెప్పకు. మెయిల్ బాక్సుల సంగతి అక్కయ్యకు ఇప్పటికీ తెలీదు, ఇన్నేళ్ళ తర్వాత తిట్లు తినే ఓపిక నాకు లేదు.

శనివారం ఎలాగూ వెంకటేశ్వరస్వామి గుడికి వస్తావు కదా, అట్నుంచి ఇటే రా. గాలి గేజీ, లోతు కొలిచేది రెండూ నా దగ్గరున్నాయి, అరగంటలో చూసేద్దాం. సోమవారం పొద్దునకు షాపులో అపాయింట్‌మెంట్ ఈ రాత్రికే బుక్ చెయ్. అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, పోయినసారి పట్టుకెళ్ళిన డబ్బా తెస్తేనే ఇస్తానంటోంది.

మీ మామయ్య