విటమిన్ల సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 46. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. రోజూ ఉదయం ఆర్కే బీచ్‌లో పరుగు, ఆదివారాలు కైలాసగిరి మెట్లు. వ్యాయామంతో పుట్టే ఫ్రీ రాడికల్స్ కండరాలను దెబ్బతీస్తాయని మిత్రుడు చెబితే విటమిన్ సి 1000 మి.గ్రా., విటమిన్ ఇ 400 యూనిట్లు వేసుకుంటున్నాను. అయినా ఒళ్లు నొప్పులు తగ్గక, పరుగుకు ముందు డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. మొన్న ఆదివారం మెట్లెక్కి వచ్చాక మూత్రం కాఫీ రంగులో వచ్చింది, మర్నాటికి మామూలైంది. విటమిన్ల మోతాదు పెంచాలా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పెంచవద్దు. మీరు మాటవరసకు రాసిన ఆ కాఫీ రంగు మూత్రమే నన్ను కలవరపెడుతోంది. శ్రమ మితిమీరితే కండర కణాలు చిట్లి, మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు చేరుతుంది. మూత్రం ఆ రంగులోకి మారుతుంది. మీ విషయంలో కారణం ఇదేనని పరీక్షించకుండా చెప్పలేను. రాళ్లు, ఇన్ఫెక్షన్, కాలేయ సమస్య కూడా కావచ్చు. రంగు పోయింది కదా అని ఊరుకోవద్దు. రేపే సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పేది), మూత్ర పరీక్ష చేయించి మీ డాక్టరుకు చూపించండి. అంతవరకు పరుగు, మెట్లు వద్దు. మళ్లీ ఆ రంగు కనిపించినా, మూత్రం తగ్గినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

డైక్లోఫెనాక్ మీకు ఎవరు రాశారు? షాపులో అడిగి తెచ్చుకున్నారనే అనుకుంటున్నాను. అది కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, టెల్మిసార్టాన్ బయటికి తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తుంది. రెండూ కలిస్తే రక్తాన్ని వడకట్టే ఒత్తిడి పడిపోతుంది. పైగా మన విశాఖ ఉక్కపోతలో చెమటతో ఒంట్లో నీరంతా పోయి ఉంటుంది. చదువుకున్నవారు, బీపీ మాత్ర వేళ తప్పకుండా వేసుకునేవారు, దానితో ఇంకో మందు కలుపుతున్నప్పుడు ఒక్కసారి ఫోను చేసి అడగవద్దా? డైక్లోఫెనాక్ బీపీని కూడా పెంచుతుంది. దాన్ని ఈరోజే ఆపండి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపకండి.

ఇక విటమిన్లు. వ్యాయామంలో ఫ్రీ రాడికల్స్ పెరిగే మాట నిజమే. కానీ కండరం దృఢపడడానికి సంకేతం ఇచ్చేవాటిలో అవీ ఉన్నాయి. విటమిన్ సి, ఇ వాటిని అణిచేస్తే ఆ సంకేతమూ తగ్గవచ్చు. 2009లో జర్మనీలో సరిగ్గా మీరు వాడుతున్న మోతాదులే నాలుగు వారాలు ఇచ్చి చూశారు. ఉత్త వ్యాయామం చేసినవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, విటమిన్లు వేసుకున్నవారిలో ఆ లాభం కనిపించలేదు. మగవారిలో విటమిన్ సి మాత్రలు కిడ్నీ రాళ్ల ముప్పు పెంచవచ్చు. విటమిన్ ఇ 400 యూనిట్లు ఏళ్ల తరబడి వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించిందని 2011లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. మగవారికి రోజుకు 80 మి.గ్రా. విటమిన్ సి సరిపోతుంది. ఒక్క జామకాయలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. వేరే కారణంతో డాక్టరు రాసి ఉంటే తప్ప ఈ రెండు మాత్రలూ మీకు అక్కర్లేదు.

రిపోర్టులు బాగుంటే నడకతో మొదలుపెట్టి, వారం వారం దూరం పెంచండి. నలభై దాటిన బీపీ మనిషి మెట్లెక్కే ముందు గుండె పరీక్ష కూడా అవసరం, ఆ మాట కూడా మీ డాక్టరుతో మాట్లాడండి.