పెళ్ళికి ముందు పళ్ళు తెల్లబడాలనుకునే మా బిడ్డకు

బిడ్డా,

నీ నిశ్చితార్థం ఫోటోలు చూశాను. ఒక్కదాంట్లోనూ నోరు తెరిచి నవ్వలేదు నువ్వు. నెల రోజులుగా బొగ్గు పొడితో పళ్ళు తోముతున్నావని మీ అమ్మ చెప్పింది. ముందు అది ఆపెయ్, మిగతా మాటలు తర్వాత.

చిన్నప్పుడు నేనూ ఇటుక పొడి, ఉప్పు పెట్టి తోమినదాన్నే. గార పోలేదు, చిగుళ్ళ దగ్గర పళ్ళు మాత్రం అరిగిపోయాయి. ఇప్పటికీ చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటాయి. పంటి పైనున్న ఎనామిల్ అరిగితే మళ్ళీ పెరగదు. దాని కిందది పసుపు పొర. గీకినకొద్దీ ఆ పసుపే బయటికి కనిపిస్తుంది. నిమ్మకాయ రుద్దినా ఇంతే.

నీ పళ్ళ మీదున్నదాన్ని ఊళ్ళో గార అనే అంటారు కానీ, అది పైన పట్టింది కాదు. మన నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు; మన బోర్లలో చాలావాటిలో అంతకంటే ఎక్కువే ఉండేది. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ దాకా, నువ్వు ఆ నీళ్ళే తాగావు. మచ్చ పన్నుతో పాటే వచ్చింది. సరిగా తోముకోలేదని చిన్నప్పుడు నిన్ను ఎవరెవరు తిట్టారో నాకు తెలుసు. ఆ తప్పు నీది కాదు, బిడ్డా. ఇప్పుడు కృష్ణా నీళ్ళు తాగుతున్న మీ అక్క కొడుకుకు వచ్చిన కొత్త పళ్ళు చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో.

ఇక చేయాల్సింది చెప్తాను. ముప్పయ్యేళ్ళు పళ్ళ డాక్టరుగా చేశాను కాబట్టి నా మాట విను. ముందు క్లీనింగ్ చేయించుకో. క్లీనింగ్‌తో పళ్ళు కదిలిపోతాయన్నది ఉత్త భయం. టీ మరకలు, గట్టిపడిన పాచి పోయాక అసలు రంగు ఎంతో తెలుస్తుంది. పిప్పి పళ్ళుంటే అవీ అప్పుడే బాగుచేయించుకో. పిప్పి పన్ను మీద బ్లీచింగ్ మందు, అంటే పళ్ళను తెల్లబరిచే మందు, పడితే ఆ నొప్పి మామూలుగా ఉండదు.

నీలా గోధుమ రంగు మచ్చలు ఎనామిల్ పైపొరలోనే ఉన్నవాళ్ళకు నేను మొదట మైక్రోఅబ్రేషన్ చేసేదాన్ని. పలుచని యాసిడ్, రాపిడి పొడి కలిసిన పేస్టుతో డాక్టరు పైపొరను అతి కొద్దిగా తీస్తారు. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు షీటు కడతారు. బొగ్గు పొడిలాంటిదే కదా అనుకోకు. ఎంత తీయాలో చూసుకుంటూ చేసే పని ఇది.

ఆ తర్వాత బ్లీచింగ్. నీ పళ్ళ కొలతతో ట్రే చేయించుకుని, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి రాత్రిపూట పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. రెండు మూడు వారాలు పడుతుంది. క్లినిక్‌లో గంటలో చేసే మందు చాలా ఘాటు, జివ్వుమనడమూ ఎక్కువ. ఒకమ్మాయి బ్యూటీ పార్లర్‌లో చేయించుకుని చిగుళ్ళు తెల్లగా కాలిపోయి నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. పార్లర్‌కు మాత్రం వెళ్ళకు. మొదటి రోజుల్లో సున్నం లాంటి తెల్ల మచ్చలు ఇంకా తెల్లగా కనిపిస్తాయి. టెన్షన్ పడకు, నెమ్మదిగా చుట్టూ ఉన్న రంగుతో కలుస్తాయి. పూర్తిగా పోతాయని మాత్రం నేను మాటివ్వను.

నీ ముందుపన్నుకు ఫిల్లింగ్ ఉంది కదా, అది బ్లీచింగ్‌తో తెల్లబడదు. బ్లీచింగ్ అయ్యాక కనీసం రెండు వారాలు ఆగి, కొత్త రంగుకు సరిపోయే ఫిల్లింగ్ వేయించుకో. ముందే వేస్తే రంగు కుదరదు, సరిగా అతుక్కోదు కూడా.

వినీర్లు, అంటే పళ్ళ ముందు వైపు అతికించే పలుచని తొడుగులు, వేయించుకోమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకు. చాలామందికి పన్ను అరగదీసే వేస్తారు, అరగదీసింది మళ్ళీ రాదు. కొన్నేళ్ళకు మార్చుకోవాలి కూడా. నీకు ఇరవై నాలుగేళ్ళే. మిగతావన్నీ చేశాక కూడా మనసు ఒప్పకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

పెళ్ళికి ఇంకా మూడు నెలలుంది, వీటన్నిటికీ సరిపోతుంది. శనివారం పొద్దున్నే బస్సెక్కి రా. నాకు నమ్మకమున్న డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

మీ పెద్దమ్మ