నెట్ సరిగ్గా రాని హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబ్‌తో పాఠాలు ఎలా నడపాలి?

మీరు చెప్పిన పరిస్థితి ఇది: జెడ్పీ హైస్కూలు, ల్యాబులో పనిచేసే సిస్టమ్‌లు 14, సగానికి పైగా 2 జీబీ ర్యామ్‌వి, నెట్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. 8, 9, 10 తరగతులకు లెక్కలు, సైన్సు వీడియోలు చూపిద్దామంటే పిల్లలంతా ఒకేసారి తెరిచేసరికి అన్నీ ఆగిపోతున్నాయి. నెట్ ప్లాన్ మార్చాలా అని అడిగారు.

మార్చొద్దు. ఆ డబ్బు ఇంకో చోట కావాలి. ఒక్కో వీడియో సెకనుకు 2 మెగాబిట్లు లాగినా 14 సిస్టమ్‌లకు 28 మెగాబిట్లు, అదీ ఎక్కడా ఆగకుండా రావాలి. పల్లెలో ఆ హామీ ఏ ప్లానూ ఇవ్వదు. అయితే ల్యాబులో ఇప్పటికే ఉన్న పాత స్విచ్ (సిస్టమ్‌లను కేబుళ్లతో కలిపే పెట్టె) సెకనుకు 100 మెగాబిట్లను తేలిగ్గా మోస్తుంది. కాబట్టి పాఠాలన్నీ ల్యాబులోని ఒక సిస్టంలోకే దించుకుని, మిగతా 13 సిస్టమ్‌లు దాని నుంచి చూసేలా చేసుకోండి. నెట్ ఎప్పుడో ఒకసారి, ఎవరింట్లోనో దొరికితే చాలు.

పాఠాలు దాచి మిగతావాటికి అందించే ఆ సిస్టమే సర్వరు. దానికోసం మీ దగ్గరున్న వాటిలో 4 జీబీ ర్యామ్ ఉన్నది ఎంచుకుని, 240 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) ఒకటి బిగించండి. పాత హార్డ్ డిస్క్‌తో కూడా నడుస్తుంది గానీ 13 మంది 13 వేర్వేరు వీడియోలు అడిగినప్పుడు డిస్క్ అటూ ఇటూ వెతుక్కోవడంలోనే నత్తనడక అవుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కొనమని చాలామంది సలహా ఇస్తారు. కరెంటు తక్కువ తింటుంది, అది నిజమే. కానీ కరెంటు టపీమని పోయే చోట దాని ఎస్డీ కార్డు తొందరగా పాడవుతుంది. చేతిలో సిస్టం ఉండగా దాన్ని కొనక్కర్లేదు. సర్వరుకూ స్విచ్‌కూ కలిపి ఒక చిన్న 600 వీఏ యూపీఎస్ మాత్రం తప్పనిసరిగా పెట్టండి. పాఠం మధ్యలో కరెంటు పోతే పిల్లల మార్కులు దాచుకున్న డేటాబేస్ చెడిపోవచ్చు.

సర్వరులో సాఫ్ట్‌వేర్ రెండు చాలు, రెండూ ఉచితం. మొదటిది కొలిబ్రి, లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థది. వీడియోలు, పీడీఎఫ్‌లు, ప్రశ్నలు ఇందులో ఉంటాయి; ఎవరు ఏ ప్రశ్న తప్పారో టీచరుకు చూపిస్తుంది; మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. రెండోది కివిక్స్. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా మొత్తం ఒకే ఫైలుగా దొరుకుతుంది, దాన్ని కివిక్స్‌లో నెట్ లేకుండా చదువుకోవచ్చు. ఇంగ్లీషు వికీపీడియా బొమ్మలతో కలిపి నూరు జీబీకి అటూ ఇటూ ఉంటుంది. హైస్కూలుకు అంత అవసరం లేదు, బొమ్మల్లేని చిన్న కూర్పు చాలు. ఈ పెద్ద ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చేటప్పుడు 'ఫైలు మరీ పెద్దది' అని వస్తే, జాగా లేక కాదు. డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లో మళ్లీ ఫార్మాట్ చేయండి.

సర్వరుకు మారని ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టం అడ్రసు) ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.10. మామూలుగా కొలిబ్రి 8080 పోర్టులో (ఒకే సిస్టంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఉండే తలుపు నంబరు లాంటిది) నడుస్తుంది, అంటే పిల్లల సిస్టంలో బ్రౌజర్ తెరిచి 192.168.1.10:8080 కొడితే వచ్చేస్తుంది. కివిక్స్‌కు 8090 లాంటి వేరే పోర్టు ఇవ్వండి, రెండూ ఒకటే అడిగితే రెండోది మొదలవదు. ఈ రెండు అడ్రసుల్నీ ప్రతి బ్రౌజర్లో హోమ్‌పేజీలుగా పెట్టేయండి. సర్వరులో కనిపిస్తూ మిగతా సిస్టమ్‌లలో పేజీ రాకపోతే పదికి తొమ్మిదిసార్లు బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాలే కారణం. నెట్‌వర్క్ 'పబ్లిక్'గా మారిపోయి ఉంటుంది, 'ప్రైవేట్' చేయండి. 2 జీబీ సిస్టమ్‌లలో ఇంకా విండోస్ 7 ఉంటే క్రోమ్ 109తో ఆగిపోతుంది. వాటిలో విండోస్ బదులు లుబుంటు అనే తేలికపాటి లినక్స్ వేసుకోవడం మేలు. వేశాక నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఉందో లేదో చూడండి, లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

వైఫై మీద ఆధారపడకండి. ఇంట్లో వాడే రౌటరుకు 14 సిస్టమ్‌లు కనెక్టయితే అవుతాయి గానీ, అన్నిట్లో వీడియో కలిపి నడిస్తే తడబడుతుంది. క్యాట్ 6 కేబుల్, 16 పోర్టుల (కేబుల్ దూర్చే రంధ్రాల) స్విచ్ పెట్టేస్తే ఏళ్ల తరబడి దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది. పాత సిస్టమ్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. నెట్ ఉంటే టైము దానంతటదే సరిపోతుంది, మీకు లేదు కాబట్టి సరిపోదు. సర్వరులో ఇలా అయితే పిల్లలు రాసిన క్విజ్‌ల తేదీలన్నీ తారుమారై రిపోర్టు పనికిరాకుండా పోతుంది. కొద్ది రూపాయల బ్యాటరీ, ముందే మార్చేయండి. పనిలో పనిగా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) కరెంటు రాగానే సర్వరు తనే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టుకోండి.

ఇక పాఠాల సంగతి. అసలు శ్రమ ఇక్కడే. దొరికినవన్నీ నింపేస్తే పిల్లలు వాటిలో తప్పిపోతారు. యూనిట్‌కు మూడు నాలుగు చిన్న వీడియోలు, ఒక క్విజ్, పుస్తకంలోని ఆ పేజీల పీడీఎఫ్, అంతే ఉంచండి. యూట్యూబ్ వీడియోలు దించి పెట్టడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి పంచుకోవడానికి అనుమతి ఉన్నవాటినే తీసుకోండి. తక్కువైనవి మీరే చేసుకోండి. మీరు చేసినవే పిల్లలకు బాగా అందుతాయని నా గట్టి నమ్మకం. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది కదా. తెర మీద ఇంగ్లీషు మాట ఉంచి తెలుగులో వివరిస్తే పరీక్షలో ప్రశ్నను గుర్తుపట్టగలరు. బయట దొరికే వీడియోలు ఎక్కువగా ఈ రెంటిలో ఏదో ఒకదానికే ఉంటాయి.

రికార్డింగుకు ఓబీఎస్ స్టూడియో (తెరను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్), ఇయర్‌ఫోన్ మైకు చాలు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచండి, ఫ్యాను ఆపండి. బొమ్మ కాస్త మసకైనా పిల్లలు ఓర్చుకుంటారు గానీ మాట వినపడకపోతే రెండో నిమిషానికే వదిలేస్తారు. 6 నుంచి 8 నిమిషాలకు మించొద్దు. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కుదించే సాఫ్ట్‌వేర్‌లో 480పీ, హెచ్.264, సెకనుకు 10 ఫ్రేములు, ఆడియో మోనో 64 కిలోబిట్లు పెట్టి కుదించండి. స్లైడ్లతో చెప్పిన పాఠమైతే సెకనుకు దాదాపు 250 కిలోబిట్లలో సర్దుకుంటుంది, 8 నిమిషాలకు 15 ఎంబీ. 'వెబ్ ఆప్టిమైజ్డ్' అన్న గడికి టిక్ పెట్టండి. అది మరిచిపోతే నొక్కగానే వీడియో మొదలవకుండా ఆలస్యం కావచ్చు. కొత్త ఫోన్లు తీసే హెచ్.265 వీడియోను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే పాత సిస్టమ్‌లలో నల్లతెర వచ్చి మాటలు మాత్రమే వినిపించవచ్చు.

వీటిని కొలిబ్రి స్టూడియో అనే వెబ్‌సైటులో మీ పేరున ఒక ఛానెల్‌గా చేసి, వచ్చిన టోకెన్‌తో (ఆ ఛానెల్ కోడ్) సర్వరులోకి దించుకోవాలి. అక్కడ మొదట ఇచ్చే జాగా 500 ఎంబీ, అందుకే పైన అంత కుదించమన్నది. ఛానెల్లో ఏది మార్చినా మళ్లీ 'పబ్లిష్' నొక్కాలి, ఆ తర్వాత సర్వరులోనూ ఛానెల్ అప్‌డేట్ చేయాలి. ఈ రెంటిలో ఒకటి వదిలేస్తే పాత పాఠమే కనిపిస్తూ ఉంటుంది.

సైన్సుకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) ప్రయోగాలు, అంటే తెర మీదే చేసి చూసేవి, తప్పకుండా పెట్టండి. పదో తరగతి విద్యుత్ పాఠానికి బల్బులు, బ్యాటరీలు, తీగలతో తెర మీదే వలయం కట్టే ప్రయోగం ఉంది. నిరోధం పెంచితే ప్రవాహం ఎలా తగ్గుతుందో పిల్లలు చేసి చూస్తారు. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. వీడియో కంటే ఇవే ఎక్కువ నేర్పుతాయి.

పీడీఎఫ్‌ల విషయంలో ఒక జాగ్రత్త: యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో చేసిన తెలుగు పీడీఎఫ్‌లు చూడ్డానికి బాగానే ఉంటాయి, వాటిలో వెతికితే మాత్రం ఒక్క మాటా దొరకదు. పిల్లలు వెతుక్కోవాలనుకుంటే యూనికోడ్‌లో ఉన్నవే తీసుకోండి.

పీరియడ్ 40, 45 నిమిషాలు. దాన్ని తినేసేది పాఠం కాదు, లాగిన్. కొలిబ్రిలో విద్యార్థులకు పాస్‌వర్డ్ అక్కర్లేకుండా చేసే సెట్టింగ్ ఉంది, పెట్టేయండి. పేర్లన్నీ ఎక్సెల్‌లో రాసి సీఎస్‌వీగా ఒకేసారి ఎక్కించవచ్చు. యూజర్ నేమ్ తరగతి, రోల్ నంబరు కలిపి పెడితే తొందరగా కొడతారు. ఇద్దరికి ఒక సిస్టం, 3.5 ఎంఎం స్ప్లిటరుతో రెండు హెడ్‌ఫోన్లు. స్పీకర్లు వద్దు. వీడియో సగంలో ఆపించి నోటుబుక్కులో ఒక లెక్క చేయించండి, ఆ తర్వాతే మిగతాది. చివర 5 ప్రశ్నల క్విజ్ ఎవరిది వాళ్లే రాయాలి; జంటలో ఒకళ్లు క్విజ్ రాస్తుంటే రెండోవాళ్లు నోటుబుక్కు లెక్కలు పూర్తిచేస్తారు, తర్వాత మారతారు. ఎక్కువమంది తప్పిన ప్రశ్న ఏదో రిపోర్టులో చూసుకుని మర్నాడు అదొక్కటే నల్లబల్ల మీద చెప్పండి. ఈ ఏర్పాటంతా చేసేది ఆ ఒక్క కాగితం కోసమే. రిపోర్టు చూడని చోట ల్యాబు సినిమా హాలు అయిపోతుంది.

నెలకోసారి సర్వరులోని డాట్ కొలిబ్రి (.kolibri) ఫోల్డరును కొలిబ్రి ఆపి బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మార్కులు, పాఠాలు రెండూ అందులోనే ఉంటాయి. మీ స్విచ్ ఎన్ని పోర్టులదో, సర్వరుకు అనుకుంటున్న సిస్టంలో ఏ విండోస్ ఉందో కింద రాస్తే మిగతా సెట్టింగులు చెబుతాను.