ఏఐ ఏజెంట్ చేత పేజీలో ఫొటోలు పెట్టించే టూల్‌కి డాక్యుమెంటేషన్ ఎంత రాయాలి?

ప్రశ్న: "పేజీ లేఅవుట్‌కి ఏఐ ఏజెంట్‌ను (మనమిచ్చిన టూల్స్, అంటే చిన్న ప్రోగ్రాములు వాడి తనంతట తానే పని చేసే ఏఐని) వాడుతున్నాం. ఫొటో పెట్టే టూల్ రాశాను. పేరామీటర్ల (టూల్‌కి ఇవ్వాల్సిన వివరాల) పేర్లు, రకాలు జేసన్ స్కీమాలో (ఏజెంట్ చదివే పట్టికలో) ఉన్నాయి. ఇంకా వివరణ అవసరమా?"

అవసరమండీ. కోడ్ మీద పెట్టిన టైమ్ కంటే దాని మీదే ఎక్కువ పెట్టాలి.

విజయవాడలో ఇరవై ఏళ్లుగా పేజీలు కడుతున్నాను. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను తెలుగు ఫాంట్లతో మొదలుపెట్టి, దాని తర్వాతి తరం ఇన్‌డిజైన్‌కి వచ్చినవాణ్ణి. నిరుడు ఒక హైస్కూలు పూర్వ విద్యార్థుల సావనీర్ పని వచ్చింది. ఎ4 సైజు, 64 పేజీలు, నూట యాభైకి పైగా ఫొటోలు. వాటిని ఏజెంట్‌కి అప్పజెబుదామని ఇన్‌డిజైన్ స్క్రిప్టుతో చిన్న టూల్ తయారుచేశాను. అందులో 'ఫిట్' అనే పేరామీటర్‌కి నేను రాసిన వివరణ ఒక్క ముక్క: "ఫొటో ఫ్రేమ్‌కి సరిపోయేలా పెట్టే పద్ధతి."

తొమ్మిదో పేజీలో, కాలం చేసిన లెక్కల మాస్టారి ఫొటో. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫొటోని స్కాన్ చేసి ఇచ్చారు. అక్కడున్న ఫ్రేమ్ (ఫొటో కూర్చునే గడి) వెడల్పు 80, ఎత్తు 60 మిల్లీమీటర్లు. ఏజెంట్ 'కంటెంట్ టు ఫ్రేమ్' ఎంచుకుంది. ఆ పద్ధతి వెడల్పు ఎత్తుల నిష్పత్తి చూడదు, నాలుగు అంచులకీ లాగేస్తుంది. మాస్టారి ముఖం అడ్డంగా 1.7 రెట్లు సాగింది. టూల్ "ఫొటో పెట్టడం అయింది" అని జవాబిచ్చింది, ఏజెంట్ పదో పేజీకి వెళ్లిపోయింది.

ప్రూఫ్ చూడ్డానికి ఆయన కూతురు షాపుకొచ్చారు. ఆ పేజీ దగ్గర ఆగి, ఫొటో మీద వేలు పెట్టి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మా నాన్నగారిది కోల ముఖమండీ" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఇందులో ఏజెంట్‌ని అనడానికేం లేదు. సరిపోయేలా అన్నాను, సరిపెట్టింది. పని నేర్చుకునే కుర్రాడైతే ముఖం సాగడం చూసి "అన్నా, ఇదేంటి ఇలా వచ్చింది?" అని అడిగేవాడు. ఏజెంట్‌కి మనం రాసిన వాక్యం, టూల్ తిరిగి చెప్పిన మాట, ఈ రెండే ఆధారం. అందుకే ఇప్పుడు ఆ చోట ఇలా ఉంది: "ఒక్కరే ఉన్న ఫొటోకి 'ఫిల్ ప్రపోర్షనల్లీ' (నిష్పత్తి చెడకుండా ఫ్రేమంతా నింపడం). అంచులు తెగొచ్చు, తల తెగకూడదు. గ్రూపు ఫొటోలకి, సర్టిఫికెట్లకి 'ప్రపోర్షనల్లీ' (నిష్పత్తి చెడకుండా ఫొటో అంతా పట్టేలా పెట్టడం). పక్కన ఖాళీ మిగిలినా ఫర్వాలేదు, చివర నిలబడ్డవాళ్లు పోకూడదు. మనిషి ఉన్న ఏ ఫొటోకీ 'కంటెంట్ టు ఫ్రేమ్' వద్దు." టూల్ జవాబు కూడా మార్చాను. అడ్డం స్కేలు, నిలువు స్కేలు, ఎఫెక్టివ్ పీపీఐ (పేజీలో పెట్టిన సైజులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడ్డాయో) మూడూ చెబుతుంది. మొదటి రెండూ సమానంగా లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఈ పీపీఐ దగ్గర నా బాధ ఒకటి చెప్పుకోవాలి. దయచేసి అచ్చుకిచ్చే ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, పిక్సెళ్లు తగ్గిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. 1200 పిక్సెళ్ల వెడల్పు ఫొటో 300 పీపీఐ దగ్గర 4 అంగుళాలకే సరి. దాన్నే ఎ4 పేజీ వెడల్పంతా పరిస్తే 145కి పడిపోతుంది. ఫోన్‌లో బాగానే ఉందంటారు, అచ్చయ్యాక మసకగా ఉందని మనల్నే అడుగుతారు.

ఇక కొలతలు. ఇన్‌డిజైన్ స్క్రిప్టులో జామెట్రిక్ బౌండ్స్ (ఫ్రేమ్ నాలుగు అంచుల కొలతలు) వరస పైన, ఎడమ, కింద, కుడి. అంటే వై ముందు, ఎక్స్ తర్వాత. చెప్పకపోతే ఏజెంట్ తిప్పి ఇస్తుంది. సున్నా ఎక్కడో కూడా రాయాలి. పీడీఎఫ్‌లో మామూలుగా పేజీ కింద ఎడమ మూల నుంచి లెక్క, ఇన్‌డిజైన్‌లో పై ఎడమ మూల నుంచి. పైగా రూలర్ 'స్ప్రెడ్' (ఎదురెదురు పేజీల జత) మీద ఉంటే ఎదురెదురు ఎ4 పేజీల్లో కుడి పేజీ ఎడమ అంచు సున్నా కాదు, 210 మిల్లీమీటర్లు. ఇది రాయనందువల్ల కుడి పేజీల ఫొటోలన్నీ ఎడమ పేజీల్లో అక్షరాల మీద వచ్చి కూర్చున్నాయి. ఒక పూటంతా పోయింది.

నా గట్టి నమ్మకం ఒకటుంది. ఈ వివరణ ముందు తెలుగులో రాయాలి. షాపులో కొత్త కుర్రాడి వెనక నిలబడి ఏం చెబుతామో అదే, అవే మాటల్లో. తర్వాత కావాలంటే ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి. ఇంగ్లిష్‌తో మొదలుపెడితే పేరామీటర్ పేరునే ఇంకో రకంగా తిప్పి రాసి వదిలేస్తాం. "చివర నిలబడ్డవాళ్లు పోకూడదు" లాంటి మాట అసలు తట్టదు. ఆ మాట ప్రోగ్రామర్‌కి కాదు, పేజీ కట్టేవాడికే తెలుస్తుంది. కాబట్టి మీ ఆఫీసులో డీటీపీ చేసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.

మీరు స్క్రైబస్ (ఇన్‌డిజైన్ లాంటిదే, ఉచిత సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ఇంకో సంగతి. అందులో ఫ్రేమ్ గీయడానికి క్రియేట్ ఇమేజ్, ఫొటో ఎక్కించడానికి లోడ్ ఇమేజ్, సరిపెట్టడానికి సెట్ స్కేల్ ఇమేజ్ టు ఫ్రేమ్, ఇలా స్క్రిప్టులో మూడు వేర్వేరు కమాండ్లు. మూడోదానిలో నిష్పత్తి కాపాడాలా వద్దా అనేది మనమే చెప్పొచ్చు. ఏజెంట్‌కి ఆ మూడూ విడివిడిగా ఇవ్వకండి, ఒకే టూల్‌గా కట్టి ఇవ్వండి. స్క్రైబస్ కొలతలు ఆ డాక్యుమెంట్‌కి పెట్టిన యూనిట్‌లో తీసుకుంటుంది కాబట్టి, మిల్లీమీటర్లో పాయింట్లో మొదటి లైన్లోనే రాయండి.