మీ ప్రశ్నలు - మా జవాబులు: ఆక్సిజన్ తగ్గితే కణం తూము ఎందుకు బిగిస్తుంది?

ప్రశ్న: ఆక్సిజన్ తగ్గినప్పుడు రక్తనాళాల లోపలి పొర కణాలు (ఎండోథీలియల్ కణాలు) అడినోసిన్‌ని తక్కువగా లోపలికి తీసుకుంటాయని చదివాను. శక్తి చాలక కణం నీరసపడటమేనా కారణం?
- జువాలజీ లెక్చరర్, పాలకొల్లు

జవాబు: కాదండీ. అడినోసిన్ లాంటి న్యూక్లియోసైడ్లు ఈ కణాల్లోకి ఎక్కువగా వెళ్లేది ఈఎన్‌టీ1, ఈఎన్‌టీ2 అనే ప్రోటీన్ల గుండా. వాటికి ఏటీపీ (కణం శక్తికి వాడే అణువు) అక్కర్లేదు, సోడియం అక్కర్లేదు. మన పంటకాలువ తూముల్లాంటివి: ఎటు మట్టం తక్కువైతే అటు పారతాయి. సోడియం బలంతో ఎదురు లాగే సీఎన్‌టీలు అనే మరో రకం ప్రోటీన్లనైతే మోటార్లనుకోవచ్చు.

కణాల నుంచి బయటపడిన ఏటీపీని పొర మీదుండే సీడీ39 అనే ఎంజైమ్ ఏఎంపీగా కోస్తుంది, సీడీ73 దాన్ని అడినోసిన్ చేస్తుంది. ఆ అడినోసిన్ ఏ2ఏ, ఏ2బీ గ్రాహకాలకు అంటుకుంటే రక్తనాళం విప్పారుతుంది, నాళం గోడ నుంచి ద్రవం కారడం తగ్గుతుంది. కానీ రక్తంలో దాని ఆయుష్షు కొద్ది సెకన్లే. ఈఎన్‌టీ1 గుండా లోపలికి పోతుంది, అక్కడ అడినోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్ దాన్ని మళ్లీ ఏఎంపీ చేసేస్తుంది. మామూలుగా లోపలి మట్టం తక్కువే కాబట్టి ప్రవాహం లోపలికే.

ఆక్సిజన్ తగ్గితే హిఫ్-1 (జన్యువుల పనిని హెచ్చించే, తగ్గించే ప్రోటీన్) విరిగిపోకుండా నిలుస్తుంది. అది ఈఎన్‌టీ1 జన్యువు ప్రమోటర్‌కి (జన్యువును నడిపించే మొదటి భాగానికి) అంటుకుని ఉత్పత్తి తగ్గిస్తుందని 2005లో మనుషుల ఎండోథీలియల్ కణాల్లో చూపించారు. అదే హిఫ్ సీడీ73ని, ఏ2బీని పెంచుతుంది కూడా. అంటే తూము బిగించి, కాలువలో నీరు పెంచి, అందుకునే చేలు పెంచడం. ఇది నీరసం కాదు, ఏర్పాటు.

అయితే ఇదంతా గంటల వ్యవహారం. మొదటి నిమిషాల్లో జరిగేది వేరు. గుండె కండర కణంలో ఏటీపీ తరిగి లోపలి అడినోసిన్ మట్టం పెరిగితే, అదే తూము గుండా బయటికి పారుతుంది. అందుకే ‘రవాణా తగ్గింది’ అనే మాట ఎక్కడ చదివినా, ఏ కణంలో, ఎటువైపు, ఎంతసేపటికి అని అడగాలి.

ప్రశ్న: 1 శాతం ఆక్సిజన్‌లో 24 గంటలు పెంచినా నా కణాల్లో అడినోసిన్ అప్‌టేక్ (లోపలికి తీసుకోవడం) తగ్గడం లేదు. పొరపాటు ఎక్కడ?
- పరిశోధక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అప్‌టేక్ ఎంతసేపు కొలుస్తున్నారు? నిమిషాలైతే మీరు కొలిచేది ఈఎన్‌టీ1ని కాదు, లోపలి కైనేజ్‌ని. 5-10 సెకన్లకు ఆపండి, 10 మైక్రోమోలార్ డైపిరిడమోల్ (ఈ తూములను మూసే మందు) కలిపిన మంచు చల్లటి బఫర్‌తో. ప్రోటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 22 డిగ్రీలు. కాకినాడ మే నెల గది అది కాదు. అడినోసిన్‌కి బదులు ట్రిటియం తగిలించిన 2-క్లోరోఅడినోసిన్ వాడితే అడినోసిన్‌ని మార్చేసే డీఅమినేజ్ అనే ఎంజైమ్ బెడద తప్పుతుంది. సీరంలో ఆ ఎంజైమ్ ఉంటుంది కనుక సీరం లేని బఫర్‌తో ముందే కడగాలి.

ఈఎన్‌టీ1 వాటా తేల్చడానికి 100 నానోమోలార్ ఎన్‌బీఎంపీఆర్ (ఈ తూములను మూసే రసాయనం) చాలు. 10 మైక్రోమోలార్ వేస్తే ఈఎన్‌టీ2 కూడా మూసుకుపోతుంది. ఫలితాన్ని ప్రోటీన్ మిల్లీగ్రాముకి లెక్కకట్టండి, ఎందుకంటే రెండు ప్లేట్లలో కణాల సంఖ్య ఒకటే ఉండదు. మీడియం మామూలు గాలిలోంచి తెచ్చి పోస్తే అందులోని ఆక్సిజన్ దిగడానికి గంటలు పడుతుంది. ముందు రాత్రే తక్కువ ఆక్సిజన్ చాంబర్‌లో పెట్టండి.

హిఫ్ బ్లాట్ (ఆ ప్రోటీన్ ఉందో లేదో చూపే పరీక్ష) ఖాళీగా వస్తే మాత్రం అనుమానించాల్సింది తలుపునే. గాలి తగిలితే హిఫ్-1 ఆల్ఫా సుమారు 5 నిమిషాల్లో సగానికి పడిపోతుంది. ప్లేటు బయటికి తీయకుండా చాంబర్‌లోనే లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం) పోయండి.

ప్రశ్న: నాన్నగారికి డైపిరిడమోల్ ఇచ్చి గుండె స్కాన్ తీస్తారట. ముందురోజు నుంచి కాఫీ వద్దన్నారు. ఎందుకు?
- గృహిణి, భీమవరం

జవాబు: పైన చెప్పిన తూమునే ఆ మందు మూస్తుంది. రక్తంలో అడినోసిన్ పెరిగి గుండె ధమనులు విప్పారతాయి; పూడిక ఉన్నచోట ఆ తేడా స్కాన్‌లో పడుతుంది. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ గ్రాహకాల్లో ముందే కూర్చుంటే ధమని సరిగా విప్పారదు, పూడిక కనబడకుండా పోవచ్చు. టీ, కోలా, చాక్లెట్, కెఫీన్ కలిసే కొన్ని తలనొప్పి మాత్రలు కూడా ఆ లెక్కలోవే. పొరపాటున తాగితే దాచకండి, స్కాన్ వాయిదా వేస్తారు, అంతే. ఆస్తమా ఉన్నా, థియోఫిలిన్ (ఆయాసానికి ఇచ్చే మందు) మాత్రలు వేసుకుంటున్నా ముందే చెప్పాలి. ఆ మాత్రలు మీ అంతట మీరు మాన్పించకండి.