రెండో మాట చెప్పబోయే మా బిడ్డకు

బిడ్డా,

ఈ గుడ్ ఫ్రైడే ఆరాధనలో, యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో రెండో మాట, పక్క సిలువ మీది దొంగతో అన్న "నేడు నీవు నాతోకూడ పరదైసులోనుందువు" అనే మాట, నీకిచ్చారని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావట్లేదు. సంతోషమే, కాదనను. మా రోజుల్లో మన సంఘంలో ఆడపిల్ల పల్పిట్ ఎక్కి సిలువ మాట చెప్పడమనేదే లేదు. సండే స్కూల్ పిల్లలకు కథలు చెప్పాలి, స్త్రీల కూటంలో ప్రార్థన చేయాలి, అంతవరకే. కానీ సంతోషం ఎంతుందో టెన్షన్ కూడా అంతే ఉంది. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు చిన్న చిన్నవి. ఇరవై నిమిషాలు దాటొద్దు, నీ తర్వాత ఇంకా ఐదుగురున్నారు. పన్నెండింటి నుంచి మూడింటి దాకా ఎండలో ఆరాధన, సగం మంది ఉపవాసంతో ఉంటారు, పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టని ముసలివాళ్లు ఉంటారు. ఫోన్‌లో చూసి చదవకు, కాగితం మీద రాసుకో. మైకు నోటికి మరీ దగ్గర పెట్టకు. అంతే.

"నేను పాస్టర్‌ను కాదు కదా, నాకేం అర్హత" అన్నావట మీ అమ్మతో. మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి విన్నావా? ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, 1912లో అయ్యారు. ఆయన బాప్తిస్మం పొందేవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని చెప్పించేవారు. వాళ్లలో చాలామంది అక్షరం రాని కూలీలు. కాబట్టి అర్హత గురించి మళ్లీ మాట్లాడకు, నాకు కోపమొస్తుంది.

ఇక బలి సంగతి. నీ నోట్స్‌లో లేవీయకాండం పదహారో అధ్యాయం ఉందని అమ్మ చెప్పింది, మంచిదే. ప్రధాన యాజకుడు బతికున్న మేక తల మీద రెండు చేతులూ పెట్టి, జనం పాపాలన్నీ ఒప్పుకొని, దాన్ని అడవిలోకి పంపేస్తాడు. దాని జతది అప్పటికే వధ అయిపోయి ఉంటుంది. మన వరంగల్ వాళ్లకు దీన్ని విప్పి చెప్పాల్సిన పనే లేదు. బలి అంటే ఏంటో ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు, మేడారం జాతరకు పోయి బంగారం, అంటే బెల్లం, ఎత్తుకొని, యాటను కోసి మొక్కు తీర్చుకునే ఇళ్లు మన గోడకు ఆనుకొనే ఉన్నాయి. అయితే మొక్కు తీర్చడం వేరు, పాపపరిహారం కోసం ఇచ్చే బలి వేరు. ఆ తేడా చెప్పు, కానీ ఎగతాళి చేయకు. ఎవరి భక్తినీ తక్కువ చేసి మన సిలువను ఎక్కువ చేయలేం. బైబిల్లోని హెబ్రీ పత్రిక తన సొంత ధర్మశాస్త్రంలోని బలుల గురించే "ఎడ్లయొక్కయు మేకలయొక్కయు రక్తము పాపములను తీసివేయుట అసాధ్యము" అంటుంది, పక్కింటి వాళ్లవి ఎత్తి చూపదు. అది గుర్తుపెట్టుకో.

నాకున్న అసలు భయం వేరే.

నువ్వు పుట్టకముందు, మేము పరకాల దిక్కు ఒక ఊళ్లో ఉన్నప్పుడు, మా సంఘంలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన తమ్ముడు భివండిలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు. తమ్ముడు అక్కడుండగా ఈయన ఇక్కడ తమ్ముని భాగం పొలం కూడా తన పేరు మీద పట్టా చేయించుకున్నాడు. తర్వాత చెప్దాంలే అనుకున్నాడో, అసలే చెప్పొద్దనుకున్నాడో, తమ్ముడు మాత్రం అక్కడే జబ్బుపడి చనిపోయాడు. అప్పటి నుంచి ఈయనకు నిద్ర లేదు. ఒకరోజు, అప్పుడున్న బోధకుని దగ్గరికి వెళ్లి అంతా చెప్పుకొని, "మరదలికి పొలం తిరిగి ఇచ్చేస్తాను, ఒక్కణ్నే పోలేకపోతున్న, నాతోపాటు రాండ్రి" అని అడిగాడు. ప్రార్థన చేసి పంపించారు. వెంట ఎవరూ వెళ్లలేదు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ బోధకుడు పల్పిట్ మీద నిలబడి పాపం గురించి చెప్తూ చెప్తూ, "మన మధ్యనే ఒకడున్నాడు, తమ్ముడు దూరదేశంలో చెమటోడుస్తుంటే ఇక్కడ కాగితాలు మార్పించుకున్నాడు, ఇప్పుడు ఏడుస్తున్నాడు, ఇస్కరియోతు యూదా కూడా ఏడ్చాడు" అన్నాడు. పేరు చెప్పలేదు. తమ్ముడు భివండిలో పోయిన అన్న ఆ ఊళ్లో ఒక్కడే, ఇంక పేరెందుకు. మగవాళ్ల వైపు ఒక్కొక్క తల తిరగడం నేను చూశాను. ఆయన పాటల పుస్తకం బెంచీ మీద బోర్లా పెట్టి, తువ్వాల దులుపుకొని భుజాన వేసుకొని, ఎవరి మొహం చూడకుండా బయటికి నడిచాడు. ప్రసంగం ఆగలేదు.

బిడ్డా, యేసును వెండికి పట్టిచ్చిన యూదా గురించి మత్తయి తన సువార్తలో ఏం రాశాడో తెరిచి చూడు. ఏడ్చాడని కాదు, పశ్చాత్తాపపడి ముప్పై వెండి నాణేలు పట్టుకొని యాజకుల దగ్గరికే తిరిగి వచ్చాడని రాశాడు. "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని ఒప్పుకున్నాడు. పాపం ఒప్పుకున్నవాడి తరఫున బలి అర్పించడమే ఆ యాజకుల పని, వాళ్లున్నదే అందుకు. వాళ్లేమన్నారు? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." యూదా కథలో నాకు అన్నిటికంటే భయమేసే వాక్యం అది. మా ఊరి బోధకుడు కూడా అదే మాట అన్నాడు, కాకపోతే ఇరవై వచనాలు కలిపి అన్నాడు. వచనాల్లో ఒక్కటీ తప్పు లేదు.

మీ పెద్దనాన్న వారం తిరగకుండా ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లాడు. తర్వాత కొన్నాళ్లకు ఇద్దరూ కలిసి ఆ మరదలి పుట్టింటికి పోయారు. ఆమె చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోందట. ఈయన తల వంచుకొని చెప్పుకుపోతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదట. కాగితాలు ముందు పెట్టాక దారం తెంపి, చాట పక్కన పెట్టి, "ఆయన ఉన్నప్పుడు తెస్తే బాగుండు బావా" అన్నది. అంతే. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. లేచి వెళ్లి ఎసరు పెట్టింది, ఇద్దరికీ అన్నం పెట్టి పంపించింది.

పొలం తిరిగిచ్చాడు గానీ ఆయన ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం రాలేదు. ఆరాధనకు వచ్చి వెనక కూర్చునేవాడు, రొట్టె, ద్రాక్షారసం బయటికి తీసే వేళకు లేచిపోయేవాడు. ఏళ్లు గడిచాయి. చివరికి మంచాన పడ్డాక, అప్పటికి కొత్తగా వచ్చిన పాస్టర్ గారిని వెంటబెట్టుకొని మీ పెద్దనాన్న ఇంటికే తీసుకెళ్తే అప్పుడు పుచ్చుకున్నాడు. "దేవునికి చెప్పుకున్న అనుకున్న, ఊరికి చెప్పుకున్నట్టయింది" అన్నాడు ఆ రోజు. రేపు వాక్యం చెప్పబోయే పిల్లలకు ఈ సంగతి చెప్పమని కూడా ఆయనే అడిగాడు, అందుకే నీకు రాస్తున్నాను. పల్పిట్ మీద చెప్పడానికి కాదు.

నీ ముందు అట్లాంటివాళ్లు కూర్చొని ఉంటారు. తప్పు చేసినవాళ్లే కాదు, చెయ్యని తప్పుకు కుమిలిపోయేవాళ్లు కూడా ఉంటారు. బిడ్డకు కాళ్లు రాకపోతే "ఏ పాపం చేశావో" అని చుట్టాల చేత అనిపించుకున్న తల్లి ఉంటుంది, ఆమె కోసం యోహాను తొమ్మిదో అధ్యాయం గుర్తుపెట్టుకో, పుట్టుగుడ్డివాడి గురించి "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని ప్రభువే అన్నాడు. ఇంకొకటి, ఇది నిన్ను బతిమిలాడి చెప్తున్నాను, యూదా చావును వర్ణించకు. 1997–98లో పత్తి పంటను పురుగు తినేసినప్పుడు మన జిల్లాలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో నీకు పుస్తకాల్లో తెలుసు, మాకు ఇళ్లలో తెలుసు. ఆ ఇళ్ల ఆడవాళ్లు ఇప్పటికీ "నేను ఆ పొద్దు ఇంట్లో ఉంటే ఆగేవాడేమో" అనుకుంటూ ఆరాధనకు వస్తారు. పల్పిట్ మీది నుంచి ఒక్కమాట జారినా వాళ్లకు అది మళ్లీ మొదటి రోజే.

మరి పాపం గురించి మెత్తగా దాటేయమంటున్నానా? లేదు. అట్ల చేసినా ఊరుకోను. ఆ దొంగను చూడు. "మనకైతే యిది న్యాయమే, మనము చేసినవాటికి తగిన ఫలము పొందుచున్నాము" అన్నాడు, సాకు ఒక్కటీ చెప్పలేదు. దించమని అడగలేదు, "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య మేడిచెట్టు దిగి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, ఎందుకంటే ఆయన చేతులకు ఏ అడ్డూ లేదు, ఇవ్వగలడు. దొంగ చేతులకు మేకులున్నాయి, ఎవరికీ ఏదీ తిరిగి ఇవ్వలేడు. కాబట్టి ఇవ్వగలిగినవాళ్లు రేపే ఆ ఇంటి గడప ఎక్కాలని గట్టిగా చెప్పు, ఏడిస్తే సరిపోదని చెప్పు. ఇక ఇవ్వలేనివాళ్లు, ఎవరికివ్వాలో వాళ్లే చనిపోయినవాళ్లు, వాళ్లకే రెండో మాట. ఆ మాట అన్నాయన ఏ తప్పిదమూ చేయనివాడు. పక్క సిలువ మీద అదే శిక్ష తానూ భరిస్తూ అన్నాడు. యాజకులు "నీవే చూచుకొనుము" అన్న రోజే ఈయన "నాతోకూడ" అన్నాడు. మత్తయిలో ఇద్దరు దొంగలూ నిందించారు కదా, లూకాలో ఒక్కడే ఏంటి అని ఎవరైనా అడుగుతారు. ఆరాధన తర్వాత మాట్లాడుకోవచ్చు, దానికి ఐదు నిమిషాలు పోగొట్టకు.

ప్రసంగం అయ్యాక వెంటనే సెల్ఫీల కోసం బయటికి పోకు. ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఏదైనా చెప్పుకుంటే విను, ఫలానా చోటికి తోడు రమ్మంటే పో. నీ ఒక్కదానికీ భయమైతే నన్ను తీసుకుపో, మోకాళ్లు నొప్పులున్నా ఆటోలో వస్తాను. విన్నది మీ అమ్మకు కూడా చెప్పకు.

బుధవారం లోపు రాసుకున్నది నాకు ఫోన్‌లో చదివి వినిపించు. ఇరవై నిమిషాలు దాటితే మేకల భాగం తగ్గిద్దాం, దొంగ అన్న మాటల్లో మాత్రం ఒక్కటీ తీయొద్దు. మూడింటికి ఉపవాసం విడిచేది మా ఇంట్లోనే, మీ అమ్మను కూడా రమ్మన్నాను.

మీ పెద్దమ్మ,
హనుమకొండ